రెండు పేజీల్లో మా సూట్‌కేసులకు చోటు లేదు

"నాన్నా, ఈ సూట్‌కేసులు తీసెయ్యనా?" అని మా అమ్మాయి అడిగితే గరాజ్ సర్దుతోంది కాబోలనుకున్నాం. తీరా చూస్తే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. లా స్కూల్ అప్లికేషన్ కోసం రాసుకుంటున్న పర్సనల్ స్టేట్‌మెంట్‌లోంచి తీసేస్తానంటోంది. 1999లో వై2కె కంప్యూటర్ పనుల పుణ్యమా అని రెండు సూట్‌కేసులతో న్యూజెర్సీలో దిగిన వాళ్ళ నాన్న కథ మొదటి పేరాలో ఉంది మరి. మావారి మనసు చివుక్కుమంది.

"అదే కదమ్మా అసలు కథ?"

"అది నీ కథ నాన్నా. నేను ఎడిసన్‌లో పుట్టాను."

మేం ఎంసెట్ ర్యాంకుల బాపతు. మమ్మల్ని నువ్వెవరు, ఎందుకొచ్చావు అని ఎవరూ అడగలేదు, హాల్‌టికెట్ నంబరు అడిగారు. ఇప్పటికీ మన దగ్గర లా చదవాలంటే క్లాట్‌లోనో లాసెట్‌లోనో ర్యాంకు రావాలి, అంతే. ఇక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ ఏదో ఒకటి చెయ్యాలి, ఆ తర్వాత మూడేళ్ళ జేడీ, అంటే లా డిగ్రీ. దానికి 120 నుంచి 180 మధ్య వచ్చే ఎల్‌శాట్ అనే ప్రవేశపరీక్ష స్కోరు, డిగ్రీ మార్కులు, సిఫారసు ఉత్తరాలు కాక, డబుల్ స్పేసింగ్‌లో రెండు పేజీల సొంత రాత పంపాలి. బర్కిలీ నాలుగు పేజీల దాకా ఒప్పుకుంటుంది గానీ చాలా స్కూళ్ళకు రెండే. ఆ రెండు పేజీల మీద మా ఇంట్లో ఆగస్టు నుంచి నవంబరు దాకా జరిగిన రభస ఇంతా అంతా కాదు.

నా వాటాగా నేను మా తాతయ్యని తెచ్చాను. ఆయన తెనాలిలో ప్లీడరు. దుగ్గిరాల వైపు నుంచి వచ్చే కక్షిదార్లు ఫీజు కింద పసుపు కొమ్ములు గోనెసంచిలో తెచ్చి వసారాలో దింపేవారట. "ఇది రాయవే, ఎంత బాగుంటుందో!" అన్నాను. "బాగుంటుందమ్మా, కానీ నేనాయన్ని చూడనైనా లేదు" అంది. మావారు గాంధీ గారిని తెచ్చారు. ఆయనా 1891లో లండన్‌లో బారిస్టరైన మనిషే కదా, 'బి ద ఛేంజ్' అన్న మాటతో మొదలుపెట్టమన్నారు.

ఈ గొడవలో తీర్పు చెప్పడానికి డాలస్ నుంచి మా అక్క కొడుకు దిగాడు, ఫోన్లోనే. వాడు అక్కడ లాయరు. డ్రాఫ్టు తెరిచి, నన్ను కూడా లైన్లో ఉండమన్నాడు. ముందు గాంధీ గారు పోయారు. ఆయన సరిగ్గా ఆ మాటలే అన్నట్టు ఆధారం లేదట. "సాక్ష్యం లేని మాటతో మొదలుపెట్టేవాడు లాయరేం అవుతాడు బాబాయ్?" అన్నాడు. తర్వాత 'చిన్నప్పట్నుంచీ నాకు లాయర్ అవ్వాలని' అన్న వాక్యం పోయింది. అది మొదటి వాక్యంగా చదివీ చదివీ అడ్మిషన్ల వాళ్ళకు మొహం మొత్తి ఉంటుందన్నాడు. 'నాకు వాదించడం ఇష్టం' అన్నదీ పోయింది, ఇంట్లో నోరెక్కువని అందరూ అనడం అర్హత కాదు కదా. 'ప్యాషన్' అని వెతికితే ఏడు చోట్ల దొరికింది. ఏడూ కొట్టేసినా అర్థం ఇసుమంత కూడా చెడలేదు. 'యూజ్' అంటే సరిపోయే చోట 'యుటిలైజ్', 'చాలా' అనడానికి 'ప్లెథోరా', ఇంకో రెండు లాటిన్ ముక్కలు. లా ఇంకా చదవని పిల్ల లాయర్లకు లాటిన్ వినిపించడం తాతకు దగ్గులు నేర్పడమేనని నాకే అనిపించింది.

రెండో ఏడు కెమిస్ట్రీలో మార్కులు ఎందుకు తగ్గాయో ఒక పేరా ఉంది. ఆ సెమిస్టర్లోనే మా అత్తగారు పోయారు. అలాంటివి ఇందులో పెట్టకూడదట, అడెండమ్ అని వేరే కాగితం ఉంటుంది. ఏ నెలల్లో ఏం జరిగింది, తర్వాత మార్కులెలా పుంజుకున్నాయి అని నాలుగు వాక్యాలు, ఏడుపు లేకుండా. ప్రీమెడ్, అంటే డాక్టరీకి ముందు చదివే చదువు, వదిలేసిన సంగతి కూడా 'డాక్టరీ రాలేదు కాబట్టి లా' అన్నట్టు వినపడకూడదన్నాడు. మన వాళ్ళ ఫంక్షన్లలో అందరూ అనుకునేది అదేననుకోండి.

అప్పుడు నా పేరా వచ్చింది. హెచ్-1బి మీద వచ్చినవాళ్ళ భార్యలకో భర్తలకో ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేక నేను ఇంట్లో కూర్చున్న ఏళ్ళు, 2015లో వర్క్ పర్మిట్లు ఇవ్వడం మొదలయ్యాక మళ్ళీ పనిలో చేరడం, అన్నీ రాసింది. నాకైతే కళ్ళు తడిసిపోయాయి. మా వాడు కాసేపు మాట్లాడలేదు. "చాలా బాగా రాశావు. ఇది చదివితే పిన్నికి సీటిస్తారు, నీకు కాదు" అన్నాడు.

నవ్వాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళకు అన్నంతోపాటు మేం ఈ కథలే పెట్టాం. ఎవరైనా నీ గురించి చెప్పమంటే వాళ్ళ నోట మా కథ రాక ఏమొస్తుంది?

పోనీ మన జాతి, మన భాష అని రాస్తేనో అన్నాను మర్నాడు. 2023 జూన్ 29న ఇక్కడి సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసిన తర్వాత కూడా, అది తన జీవితాన్ని ఎలా మలిచిందో విద్యార్థి రాసుకోవచ్చని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఆ తీర్పులోనే రాశారు. కాకపోతే మార్కు పడేది ఆ మనిషి ధైర్యానికో నేర్పుకో గానీ జాతికి కాదు. అంటే 'నేను తెలుగమ్మాయిని' అంటే చాలదు, తెలుగు వచ్చినందువల్ల నువ్వేం చేశావో చెప్పాలి.

అప్పుడు చెప్పింది, మాకెప్పుడూ చెప్పని సంగతి. కాలేజీలో ఉండగా అద్దెకుండేవాళ్ళకు కోర్టు గొడవల్లో ఉచితంగా సాయం చేసే ఒక క్లినిక్‌లో వాలంటీరుగా వెళ్ళేది. ఒకరోజు కోర్టు కారిడార్‌లో, ఓ దుకాణం వెనక వంటగదిలో గారెలూ పూర్ణాలూ చేసే నెల్లూరు పెద్దావిడ ఉంది. కేసు పిలవకముందే ఇంటి ఓనరు లాయరు వచ్చి రాజీ షరతులు చెబుతున్నాడు. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి, డిపాజిట్ మీద ఆశ వదులుకోవాలి. ఆవిడ చేతిసంచి గుండెలకు హత్తుకుని, ఒక్కో షరతుకూ "ఊఁ... ఊఁ" అంటోంది. ఆయన ఒక్కో షరతు పక్కనా టిక్కు పెడుతున్నాడు. మా అమ్మాయికి ఒళ్ళు జలదరించిందట. "అమ్మ ఫోన్లో అమ్మమ్మతో గంటసేపు ఊఁ కొడుతుంది. అన్నిటికీ ఒప్పుకున్నట్టా?" పరిగెత్తుకెళ్ళి క్లినిక్ లాయరును పిలుచుకొచ్చింది. "ఆవిడ ఒప్పుకోవట్లేదు, వింటోంది. అది కూడా ఇంగ్లీషు రాకపోయినా మర్యాదకి" అని చెప్పింది. కాగితం ఆగింది. దుబాసీ కోసం వాయిదా అడిగారు. చివరికి పెద్దావిడ ఆ ఇల్లు ఖాళీ చెయ్యక తప్పలేదు, డిపాజిట్ మాత్రం వెనక్కొచ్చింది.

"ఇది పెట్టుకుని మా సూట్‌కేసులెందుకు రాశావే?" అన్నారు మావారు.

"పెద్ద కథ కాదు కదా నాన్నా."

ఆ రాత్రే రాసింది. చివర్లో మాత్రం పాత అలవాటు పోనిచ్చుకోలేదు, 'గొంతులేని వారికి గొంతునవుతాను' అని ముగించింది. డాలస్ నుంచి మళ్ళీ ఫోను. "ఆవిడకు గొంతుందే, ఊఁ అంది కదా. వినేవాడికి అర్థం కాలేదు, అంతే. ఆ వాక్యం తియ్యి." తీసేసింది. నేను మిగిలింది ఆ ఊఁ కొట్టే వాక్యంలోనే, ఫోను పట్టుకుని.

పంపే ముందు రోజు రాత్రి మాకూ ఒక కాపీ ఇచ్చింది, ఏమీ మార్చొద్దన్న షరతు మీద. ఇది నా సొంత రాతేనని తను సంతకం పెట్టాలి మరి. నేను చదివి, ఆఖరి పేరాలో వేలు పెట్టి చూపించాను. ఈ అప్లికేషన్ వెళ్ళేది చికాగోకి, అక్కడేమో అంతకు ముందు పంపిన స్కూలు పేరుంది. పాత ఫైలు కాపీ చేసి పేరు మార్చడం మర్చిపోయింది. "అయ్యో అమ్మా!" అని తల పట్టుకుంది. రెండు పేజీల్లో నా దిద్దుబాటు అదొక్కటే.