ఊరెళ్లినవాళ్ల కుక్క

ఆదివారం. రోహిణి కార్తె.

ఐదున్నరకే రూబీని బయటికి తీసుకెళ్లాను. ఈ ఎండల్లో అంతకన్నా ఆలస్యమైతే కుదరదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మనకైతే కాళ్లకి చెప్పులుంటాయి, దానికి ఏముంటాయి? సాయంత్రం నడకకి వెళ్లే ముందు మాత్రం తప్పకుండా అరచేతి వెనకవైపు రోడ్డు మీద ఆనించి ఏడంకెలు లెక్కపెడతాను. అంతసేపు చెయ్యి ఉంచలేకపోతే ఆ పూట నడక లేనట్టే. పెరట్లో వేపచెట్టు కిందే కానిచ్చుకోవాలి. నేను రోడ్డు మీద చెయ్యి పెట్టి కూర్చుంటే వేదాయపాలెంలో మా వీధి వాళ్లు మొదట్లో వింతగా చూశారు. ఇప్పుడు పాలు పోసే అబ్బాయి ‘ఇంకా కాలతా ఉందక్కా, కాసేపాగండి’ అని తనే చెబుతున్నాడు.

రూబీ మా పెద్దమ్మ వాళ్ల కుక్క. లాబ్రడార్. తొమ్మిదేళ్లు నిండాయి, మూతి చుట్టూ తెల్లబడింది. వాళ్లుండేది ఆత్మకూరులో. బెంగళూరులో అక్కకి రెండో కాన్పు. పెద్దదాన్ని చూసుకోవడానికి పెద్దమ్మ, ఆసుపత్రి పనులకి పెదనాన్న, ఇద్దరూ వెళ్లక తప్పలేదు. అక్కావాళ్లది చిన్న ఫ్లాటు, పైగా నాలుగో అంతస్తు. అందుకని పెదనాన్న కారులో తీసుకొచ్చి మా దగ్గర దింపి వెళ్లారు. దాని పరుపు, గిన్నె, దువ్వెన, టీకాల ఫైలు, వాటితో పాటు రూళ్ల కాగితం మీద ఆయన చేత్తో రాసిన జాబితా. ఆయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, ఏదైనా టైము ప్రకారం రాసిపెట్టకపోతే ఆయనకి నిద్ర పట్టదు.

ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించాను. పొద్దున ఏడుకి తిండి, సాయంత్రం ఏడుకి తిండి. చికెన్ ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి అన్నంలో కలపాలి. మధ్యాహ్నం కొంచెం పెరుగన్నం, అందులోనూ ఉప్పు వెయ్యకూడదు. ఉరుములకి భయపడి మంచం కింద దూరుతుంది, బయటికి లాగొద్దు. అన్నిటికన్నా కింద గీత గీసి మరీ రాసిన మాట: ‘తినేటప్పుడు పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. ఒంటరిగా తినదు.’

వచ్చిన కొత్తలో గిన్నె పెట్టి పక్కన కూర్చునేదాన్ని. వాసన చూసి పోయేది. బతిమాలితే ఇంకా దూరం పోయేది. అప్పుడు పెదనాన్నకి ఫోన్ చేసి, మీరు సరిగ్గా ఎలా నిలబడతారో చెప్పండి అని అడిగాను. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని, దానివైపు చూడకుండా, వీధిలోకి చూస్తూ నిలబడతారట. ఆ మర్నాటి నుంచి నేనూ కాఫీ గ్లాసుతో వరండాలో నిలబడి వీధిలోకి చూడటం మొదలుపెట్టాను. ఈరోజు ఓరకంట గమనించాను. నాలుగు మెతుకులు తింటుంది, తల ఎత్తి నా కాళ్లవైపు చూస్తుంది, ఉన్నాయని చూసుకుని మళ్లీ గిన్నెలో మూతి పెడుతుంది. నా మొహం దానికి అక్కర్లేదు. పక్కన రెండు కాళ్లు నిలబడి ఉంటే చాలు.

ఇంటికొచ్చిన వాళ్లందరూ అడిగేది ఒకటే: ‘బాగా అలవాటైందా మీకు? మీవాళ్లని మర్చిపోయిందా?’ అలవాటైతే గొప్ప, మర్చిపోతే ఇంకా గొప్ప అన్నట్టు. నాకు ఆ ప్రశ్నే నచ్చదు. అది నన్ను ఇష్టపడాలని నాకూ ఉంటుంది, లేదనను. కానీ దాన్ని నాదాన్ని చేసుకోవడానికి వాళ్లు నా చేతిలో పెట్టలేదు. వాళ్లు వదిలిపెట్టి వెళ్లినప్పుడు ఎలా ఉందో, దాని వేళలూ దాని అలవాట్లూ ఏమేమి ఉన్నాయో, వాటితో సహా తిరిగి అప్పజెప్పాలి. మావాడు ఎనిమిదేళ్లవాడు, బిస్కెట్లు ఆశ చూపి దానికి షేక్‌హ్యాండ్ నేర్పిస్తానని ఒకటే గొడవ. వద్దన్నాను. తొమ్మిదేళ్లు షేక్‌హ్యాండ్ లేకుండా బతికింది, ఇంకో నాలుగు వారాలు బతకలేదా? వాడికి నేను పెట్టినవి రెండే రెండు షరతులు. అది తింటున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ ముట్టుకోకూడదు. గోరు గీరుకున్నా సరే, వెంటనే నాకు చెప్పాలి. టీకాలన్నీ వేసిన కుక్కే, ఫైల్లో తేదీలు చూశాను. అయినా గీరుకుంటే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. రేబిస్ వచ్చాక చేసేదేమీ ఉండదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

తిరిగే చోటు విషయంలో మాత్రం మా ఇంటి పద్ధతే. ఆత్మకూరులో రూబీ సోఫా మీద పడుకుంటుంది. ఇక్కడ మా అత్తమ్మ ఒప్పుకోరు. వంటింట్లోకి, దేవుడి గదిలోకి రానివ్వరు. ఆమె ఇల్లు ఇది, ఆమె మాట న్యాయమే. వంటింటి గడప దగ్గర ‘ఆగు’ అంటే రూబీ ఆగుతుంది, గడపకి గడ్డం ఆనించి లోపలికి చూస్తూ పడుకుంటుంది. ఇలాంటిదొకటి మారినంత మాత్రాన కుక్కకి ఏమీ కాదు. తిండి వేళ, తిండి, నిద్రపోయే గుడ్డ వాసన మారితేనే దానికి కష్టం. అందుకే పరుపు మీద వేసిన పెద్దమ్మ పాత చీర ఇంతవరకు ఉతకలేదు.

ఈరోజు మధ్యాహ్నం చేపల పులుసు. ఆడపడుచు వాళ్లు భోజనానికి వచ్చారు. నిన్న రాత్రే చేసిపెట్టాను, పులుసు ఒక రాత్రి నిలవుంటేనే కదా రుచి. పుల్లమామిడి ముక్కలు వేసిన కొరమేను పులుసు. గిన్నె మూత తీసేసరికి రూబీ గడప దగ్గరికి వచ్చేసింది. ఆడపడుచు వాళ్లాయన, నాకు అన్నయ్య వరస, జాలిపడి పులుసన్నం ముద్ద కలిపి లేచారు. వద్దన్నయ్యా అంటే నొచ్చుకున్నారు. అత్తమ్మ కూడా ఆయనవైపే. ‘మా ఊళ్లో కుక్కలు చేపల ముళ్లు తినే బతికాయి మా, ఏమీ కాలేదు’ అన్నారు. ఆమె పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె, చిన్నప్పుడు వాళ్ల గడ్డివాముల దగ్గర కుక్కలుండేవి. ఎన్నేళ్లు బతికేవి అత్తమ్మా అని అడిగాను. ఆలోచించారు. ‘ఎవరు లెక్కపెట్టారులే’ అన్నారు.

ముళ్లు గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయన్నది అందరికీ తెలుసు. ఉల్లిపాయ సంగతే ఎక్కువమందికి తెలియదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాలని దెబ్బతీస్తాయి. ఉడికించినా, వేయించినా, పులుసులో కరిగిపోయినా అదే సంగతి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం. చాక్లెట్ సరేసరి. ఒళ్లు వెచ్చగా ఉందని మన పారాసిటమాల్ బిళ్ల వేసేస్తారు కొందరు, అదీ తప్పే. దాని మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీలు, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఇంకో భయం ఈ నెలలో మామిడి టెంకలు. ఇంట్లో బంగినపల్లి బుట్ట ఉంది, పిల్లలు టెంక చీకి ఎక్కడపడితే అక్కడ పడేస్తారు. లాబ్రడార్ నోరు కదా, టెంకనైనా మింగేస్తుంది. పేగులో అడ్డం పడితే ఆపరేషనే గతి. మూత ఉన్న డబ్బా పెట్టి టెంకలన్నీ అందులోనే వెయ్యాలని చెప్పాను. అన్నయ్యకి ఉడకబెట్టిన చికెన్ ముక్క చేతిలో పెట్టి, మీరే పెట్టండి అన్నాను. అప్పుడు ఆయన మొహం విప్పారింది.

మూడింటికి కరెంటు పోయింది. రూబీ వరండాలో కడప బండల మీద నాలుగు కాళ్లూ చాపి పొట్ట ఆనించి పడుకుంది, నాలుక బయట వేసి ఒకటే ఎగరొప్పు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కొంచెం అంతే. వేడి చాలావరకు ఆ నాలుక మీదుగానే పోవాలి. పొట్టకీ పాదాలకీ తడిగుడ్డ వేశాను. ఎగరొప్పు తగ్గకుండా, చొంగ చిక్కబడి, చిగుళ్లు మరీ ఎర్రబడి, నడక తూలితే ఇక ఆలోచించకూడదు, నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చేసి ఆసుపత్రికి పరిగెత్తాలి. దేవుడి దయ, అంతదాకా రాలేదు. స్టీలు గిన్నెలో నీళ్లు ముట్టుకోకపోతే అత్తమ్మే వచ్చి వేలు పెట్టి చూసి, ‘కాగిపోయినాయి మా, ఇవెట్లా తాగుతుంది’ అని పెరుగు తోడుపెట్టే మట్టిచట్టి తెచ్చి నీడలో పెట్టారు. అరచట్టి తాగింది. నాకు తట్టలేదు ఆ ఉపాయం.

ఫ్యాను లేదు, టీవీ లేదు. మావాడు కథ చెప్పమంటే అత్తమ్మ ధర్మరాజు కుక్క కథ ఎత్తుకున్నారు. స్వర్గానికి రథం తెచ్చిన ఇంద్రుడు కుక్కకి చోటు లేదంటే, దీన్ని వదిలి నేను రానని ధర్మరాజు నిలబడిపోవడం. విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరువాడే కదా, ఈ ఘట్టమూ ఆయన చేతిలో నుంచే వచ్చింది. మావాడికి అదేమీ పట్టలేదు. ‘అది ఎవరి కుక్క నానమ్మా?’ అన్నాడు. ‘ఎవరిదీ కాదు నాయనా. ఊళ్లో నుంచి వాళ్లెంట నడిచొచ్చింది, అంతే’ అన్నారామె. ఈ కథ ఎన్నోసార్లు విన్నాను గానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఆయన పెంచింది కాదు, పేరు పెట్టింది కాదు. నమ్మి వెంట వచ్చింది, అందుకే వదల్లేదు.

అయిదింటికి బెంగళూరు నుంచి పెద్దమ్మ ఫోను. డాబా మీదికి వెళ్లి మాట్లాడాను. మొదట్లో వీడియో కాల్ చేసి రూబీ ముందు పెట్టేవాళ్లం. అది ఫోన్లో బొమ్మని పట్టించుకోలేదు. గొంతు విని లేచి నేరుగా గేటు దగ్గరికి వెళ్లింది. చీకటి పడేదాకా అక్కడే నిలబడింది, ఆ పూట కాఫీ గ్లాసుతో నిలబడినా తినలేదు. ఆటోలు పోయినా, బైకులు పోయినా చెవి కదిలించేది కాదు. పెదనాన్న కారులాంటి ఇంజను చప్పుడు వినిపిస్తే మాత్రం తోక సగం లేచేది, కారు దాటిపోగానే దిగిపోయేది. అప్పటి నుంచి వాళ్ల గొంతు దానికి వినిపించడం మానేశాను. పెదనాన్న అర్థం చేసుకున్నారు. పెద్దమ్మకే మనసొప్పడం లేదు. ‘ఒక్కసారి పిలుస్తానే, ఒకే ఒక్కసారి’ అని ఈరోజూ అడిగింది. ఆ గొంతు వింటే నాకూ కష్టంగానే ఉంటుంది. అయినా వద్దన్నాను. బెంగళూరులో ఉన్నామని ఆమె దానికి ఎలా చెబుతుంది? గొంతు ఉండి మనిషి లేకపోతే వెతుక్కోవడం తప్ప అదేం చెయ్యగలదు? దాని బదులు అది తింటున్న ఫొటో, పడుకున్న ఫొటో రోజూ పంపుతున్నాను.

సాయంత్రం నడక అయ్యాక దువ్వాను. బొచ్చు కుప్పలు కుప్పలుగా వస్తోంది. ఎండాకాలం కదా గొరిగించెయ్యండి అని పక్కింటావిడ సలహా. లాబ్రడార్‌కి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది, ఆ బొచ్చు ఎండకి కూడా అడ్డమే. రాలిపోయే బొచ్చు దువ్వి తీసేస్తే చాలు. దువ్వుతుంటే ముందరి ఎడమ కాలు వెనక్కి లాక్కుంది. వేళ్ల మధ్య విప్పి టార్చి వేసి చూస్తే గోమారి. పెసరగింజంత, బూడిదరంగులో, తల చర్మంలోకి దూర్చి కదలకుండా ఉంది. దాని చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బింది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెలి తిప్పకుండా నిలువుగా లాగాను. తలతో సహా వచ్చింది. చిదమకూడదు, సబ్బు నీళ్లలో వేశాను. చెవుల లోపల, మెడపట్టీ కింద, తోక మొదట్లో అంతా వెతికితే ఇంకేమీ కనబడలేదు. రూబీ ఒక్కసారి కూడా మూలగలేదు. పని అయ్యేదాకా కాలు నా ఒళ్లోనే ఉంచింది.

గోమారి అంటే టిక్ ఫీవర్ టెన్షన్. జ్వరం, తిండి మానెయ్యడం, ఒక్కోసారి ముక్కులో నుంచి రక్తం. ఒక్కోసారి పైకి ఏమీ కనబడదు, రక్తపరీక్షలోనే తెలుస్తుంది. మన కుక్క అయితే మనకి తోచిన మందు వేసుకుంటాం. ఇది పెదనాన్న కుక్క, ఆయన్ని అడగకుండా ఇంజెక్షన్ మాట దేవుడెరుగు, చుక్క మందు కూడా వెయ్యను. ఫోన్ చేసి చెప్పాను. ఫైల్లో చూసుకుంటే గోమార్ల మందు వెయ్యాల్సిన తేదీ కూడా దగ్గరపడిందట. రేపు పొద్దున పశువుల డాక్టరుకి చూపించమన్నారు. ఆటో అబ్బాయిని అడిగాను, కింద గోనెసంచి పరుచుకుంటే ఎక్కించుకుంటానన్నాడు. ఎండ ముదరక ముందే వెళ్లి రావాలి. ఫైలు, తడిగుడ్డ, నీళ్ల సీసా సంచిలో సర్దిపెట్టాను.

డాక్టరు చూసేటప్పుడు ఫోన్ స్పీకర్‌లో పెట్టమన్నారు పెదనాన్న, తనే మాట్లాడతారట. స్పీకర్ వద్దు పెదనాన్నా, డాక్టరుగారికి ఇయర్‌ఫోన్స్ ఇస్తానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సరే, నాదీ చార్జింగ్ పెట్టుకుంటాను, ఎనిమిదికల్లా చెయ్యి అన్నారు.