ఈతకని వెళ్లి కాలు కూడా తడవకుండా వచ్చాం

ఈ గొడవంతా మా అమ్మ చెవి దగ్గర మొదలైంది. సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన అక్క కూతురు సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటూ, "మామయ్యా, వైజాగ్‌లో ఓటర్స్‌తో స్విమ్ చేసే ప్లేస్ ఎక్కడుంది?" అంది. అరిసెలు వత్తుతున్న అమ్మ వంటింట్లోంచే "ఓటర్లతో ఈతేంటే, ఎలక్షన్లు ఎక్కడున్నాయి ఇప్పుడు?" అని కేకేసింది. ఓటర్లు కాదు, నీటికుక్కలు అని చెప్పాక ఇంకా కంగారు పడింది. మా అమ్మమ్మది అనకాపల్లి. శారద నదిలో మేము మెడలోతు దాటి పోకుండా "ఏట్లో నీటికుక్కలున్నాయి, కాలు పట్టుకుని లాగుతాయి" అని బెదిరించేది. బూచాడు, నీటికుక్క ఒకే ఖాతా అనుకుంటూ పెరిగాను నేను. అమ్మ మాత్రం ఇప్పటికీ నమ్ముతుంది.

పిల్ల చూపించిన వీడియోలో ఒకావిడ నీలం స్విమ్మింగ్ పూల్‌లో తేలుతుంటే నాలుగు బుల్లి జంతువులు ఆవిడ భుజాల మీద దొర్లుతున్నాయి. అవి చిన్నగోళ్ల నీటికుక్కలు, నీటికుక్కల జాతులన్నిట్లోకీ చిన్నవి, ఐదు కిలోలకి మించి తూగవు. అమెరికాలో కొన్ని ప్రైవేటు జూలలో ఇలా టికెట్ పెట్టి ఈత కొట్టిస్తారు. టికెట్ అంటే మన పూల్‌లో వంద రూపాయలిచ్చి దిగడం లాంటిది కాదు, మనిషికి వందల డాలర్లు. జపాన్‌లో అయితే కాఫీ తాగుతూ వాటిని ఒళ్లో పెట్టుకునే దుకాణాలే వెలిశాయి. ఆ మోజుకి థాయిలాండ్ నుంచి నీటికుక్క పిల్లల్ని సూట్‌కేసుల్లో కుక్కి దొంగతనంగా దాటించేవాళ్లు. చివరికి 2019లో, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో వీటినీ, మన దగ్గర ఉండే నున్నబొచ్చు నీటికుక్కలనీ మొదటి అనుబంధంలో చేర్చి, దేశాల మధ్య వ్యాపారం ఆపారు.

పిల్లకి జంతువులంటే నిజంగానే ప్రేమ, అందుకని వాటికి ఇబ్బంది లేని చోటే వెతుకుదాం అంది. తను డాలస్ వెళ్లాక పోయేలా అక్కడి రెండు మూడు చోట్లకి ఇద్దరం కూర్చుని మెయిల్ పెట్టాం. మీ నీటికుక్కలు ఎక్కడ పుట్టాయి, రోజుకి ఎన్ని బ్యాచుల్ని దింపుతారు, వాటికి ఇష్టం లేకపోతే పూల్ వదిలి వెళ్లిపోయే దారి ఉందా, వెళ్లిపోతే మా డబ్బు వాపసు ఇస్తారా. చివరి ప్రశ్న నాది. ఒక్కచోట నుంచే జవాబొచ్చింది, అందులో డబ్బు కట్టే లింకు ఉంది, జవాబు లేదు.

సరే, మన అడవిలో ఉన్నవాటిని చూద్దాం అని కాకినాడ దగ్గరున్న కోరింగ మడ అడవి అనుకున్నాం. ఈత కుదరదని ముందే చెప్పాను, కానీ పిల్ల బ్యాగులో స్విమ్‌సూట్ పెట్టుకోవడం నేను చూశాను.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ మర్నాడు మాత్రం ఆంధ్రదేశం మొత్తం ఒకేసారి కదులుతుంది, అందులో సగం మా బస్సులోనే ఉంది. రైల్లో వెయిటింగ్ లిస్టు, ప్రైవేటు బస్సువాడు మామూలు రేటుకి మూడింతలు అడిగాడు, దాంతో బస్టాండు కాంప్లెక్స్‌కి పోయి దొరికిన ఆర్టీసీ ఎక్కేశాం. తుని దాకా నిలబడే ఉన్నాను. అన్నవరం దగ్గర ఒక పెద్దాయన ఆకులో ప్రసాదం పెట్టి సగం పిల్లకిచ్చాడు, అది నెయ్యి కారుతున్న చేత్తోనే స్క్రీన్ తుడుచుకుంటూ నీటికుక్కల గురించి నాకు చదివి వినిపించింది. 2021లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే నడకకి వెళ్లిన ఒకాయన మీద ఇదే నున్నబొచ్చు జాతి గుంపు పడి ఒళ్లంతా కరిచిందట. గుంపులో పిల్లలుంటే తల్లిదండ్రులు ఊరుకోవు, పైగా పీతల డొప్పలు పగలగొట్టే పళ్లవి. ఇది విన్నాక స్విమ్‌సూట్ గురించి ఇక ఆలోచించదనుకున్నాను. పొరపాటు.

కాకినాడలో రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు, లాడ్జి దోమలదే. పొద్దున్న కోరింగ దాకా ఆటోకి ఎనిమిది వందలన్నాడు, ఇరవై కిలోమీటర్లు లేదు, పండగ కదండి అన్నాడు. పండగ అయిపోయింది కదా అంటే, తిరుగు పండగండి అన్నాడు. దీనికి జవాబు నా దగ్గర లేదు.

తీరా వెళ్తే బోట్లు లేవు. ఉన్నాయి, బురదలో కూర్చున్నాయి. పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, కాలవలో నీళ్లు తీసేస్తాయి, పోటు వచ్చేదాకా ఎవరూ కదలరు. మూడు గంటలు. మడ అడవిలో చెక్క వంతెన మీద అటూ ఇటూ నడిచాం, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లని లెక్కపెట్టాం, గొట్టం కాజా డబ్బా ఇంటికని కొన్నది అక్కడే సగం ఖాళీ చేశాం. ఒక మూల కొమ్మ విరవబోతే కాపలా ఆయన పరుగున వచ్చాడు, అది తిల్ల చెట్టట, పాలు కంట్లో పడితే చూపు పోతుందట. ఈ అడవి 235 చదరపు కిలోమీటర్లు, 1978 నుంచి అభయారణ్యం. 1839 తుఫానులో ఇక్కడి కోరింగ రేవు మొత్తం కొట్టుకుపోయింది. అంత సముద్రం వచ్చి పోయిన చోట మోకాలి లోతు నీటి కోసం కాళ్లీడ్చుకుంటూ తిరిగాం.

పోటు ఎక్కాక దొరికిన బోటు నడిపే మనిషికి యాభై ఏళ్లుంటాయి. మాతో పాటు రాజమండ్రి కుటుంబం ఒకటి. లైఫ్ జాకెట్లు వేయిస్తూ ఆయన "ఏం చూద్దామనండి?" అంటే పిల్ల "నీటికుక్కలు" అంది. ఆయన మొహం మారిపోయింది.

"నీరుకుక్కలా? ఆ దొంగ ముండల్ని చూడ్డానికి అమెరికా నుంచి వచ్చారేంటండి పాపగారూ?"

అక్కడ్నుంచి గంటసేపు ఆయన ఫిర్యాదే. మిగతా రోజుల్లో ఆయన చేపల వేట చేసుకునే మనిషి. వల వేసి పొద్దున్నే వెళ్తే పండుగప్ప తల మాత్రమే మిగిలి ఉంటుంది, వల మధ్యలో ఇంత కన్నం. "తింటే తిననీయండి, దేవుడిచ్చిందే. వల ఎందుకు చింపాలండి? వలకి నేను డబ్బులెట్టాను కదండి." పిల్ల తెలుగు అంతంత మాత్రమే, అయినా నోరు తెరుచుకుని వింది. నేనూ అంతే. మేము వెతికిన వీడియోల్లో, మేము అడిగిన బాధ్యత గల ప్రశ్నల్లో ఈ మనిషి ఎక్కడా లేడు. అయితే వాటిని కొడతారా అని అడిగాను. "కొడితే జైలండి," అన్నాడు. 2022లో వన్యప్రాణి చట్టం సవరించినప్పుడు గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోకి వచ్చాయి మరి. కాస్త ఆగి, "కొట్టబుద్ధి కూడా అవదండి, కుటుంబంగా తిరుగుతాయి" అన్నాడు.

ఒక మలుపులో ఇంజిన్ ఆపేశాడు. రాజమండ్రి ఆయన పాటలు పెడితే ఆపించాడు, అది నాకు చాలా నచ్చింది. ఒడ్డున ఒకచోట బురద నున్నగా తొక్కేసి ఉంది, పీత డొప్పల ముక్కలు, చేప పొలుసులు, కంపు. అది వాటి దొడ్డి, గుంపంతా అక్కడికే వస్తాయి, మా ఇల్లు ఇదని మిగతావాటికి చెప్పుకోవడం. పక్కనే వేళ్ల మధ్య పొర ఉన్న పాదాల గుర్తులు. "ఇక్కడ దిగితే?" అంది పిల్ల, అప్పటికీ. "వాళ్లింటి దొడ్లోకి దిగుతారా అండి?" అన్నాడాయన. మా మేనకోడలి నోరు మూయించిన మనిషిని నేను చూడడం అదే మొదలు.

పావుగంట కూర్చున్నాం. ముందు కూత వినపడింది, సన్నగా, పక్షనుకున్నాను. అవతలి ఒడ్డున నీళ్లలో తలలు. మూడు, కాదు ఐదు. బల్లపరుపు తోక ఒకటి పైకి లేచి మునిగింది. పెద్దది ఒకటి చిన్నదాన్ని మెడ దగ్గర పట్టుకుని నీళ్లలోకి లాగుతోంది, చిన్నది ఒడ్డుని వదలనంటోంది, లాగడం, జారడం, మళ్లీ లాగడం. నీటికుక్క పిల్లకి పుట్టుకతో ఈత రాదు, తల్లిదండ్రులే బలవంతాన నేర్పాలి. శారదలో మా నాన్న నన్ను నడుముకి తువ్వాలు కట్టి దింపినప్పుడు నేను పెట్టిన కేకలు అమ్మమ్మ ఇంటిదాకా వినపడ్డాయంటారు. అమ్మమ్మ బెదిరింపులో అబద్ధం ఎంతో, నిజం ఎంతో. అడగడానికి ఆవిడ లేదు.

పెద్దది ఒకసారి మావైపు తిరిగి నిటారుగా లేచి చూసింది. ఇంకోసారి కూసింది. అంతే, ఎవరూ లేరు. మొత్తం నిమిషం కూడా లేదు. పిల్ల ఫోన్లో పదకొండు సెకన్లు పడింది, అందులో నాలుగు సెకన్లు రాజమండ్రి ఆయన భుజం.

ఒడ్డుకి వచ్చాక ఆ పదకొండు సెకన్లని బోటు ఆయన ఆరుసార్లు చూశాడు. వల డబ్బులని పిల్ల ఐదొందలు ఇవ్వబోతే, "మీరెందుకండి, చింపింది అవి కదా" అని తీసుకోలేదు, వీడియో మాత్రం తన వాట్సాప్‌కి పంపించుకున్నాడు.

నిన్న ఫోన్ చేశాడు. "మళ్లీ చింపేసినాయండి. పాపగారికి చెప్పండి, చిన్నది ఈత నేర్చేసుకుందండి, అది కూడా వచ్చింది."