1944 జూన్ 22, ఒక్క రోజు

ఈ మధ్య రాత్రిళ్లు రెండో ప్రపంచ యుద్ధాన్ని తేదీలవారీగా చదువుతున్నాను. ఒక్కో రోజు ఏ మూల ఏం జరిగిందో పక్కపక్కన పెట్టుకుని చూడటం. 1944 జూన్ 22 దగ్గర మాత్రం ముందుకు కదల్లేకపోయాను.

హిట్లర్ సోవియట్ మీద విరుచుకుపడి ఆ రోజుకి సరిగ్గా మూడేళ్లు. బెలారూస్‌లో ఎర్రసైన్యం బగ్రాతియాన్ అనే పేరుతో జర్మన్ల మీద దాడికి దిగింది. ఫ్రాన్స్‌లో అమెరికన్లు షెర్‌బూర్ రేవు మీద పడ్డారు. పసిఫిక్‌లో సైపాన్ దీవి ఇంకా తగలబడుతూనే ఉంది.

అదే రోజు మన దేశంలో, కోహిమా వైపు నుంచి వచ్చిన బ్రిటిష్ సైనికులూ ఇంఫాల్ నుంచి వచ్చిన భారత సైనికులూ 109వ మైలురాయి దగ్గర కలుసుకున్నారు. మార్చి చివరి నుంచీ కోహిమా-ఇంఫాల్ రోడ్డుని జపాన్ సైన్యం మూసేయడంతో, ఇంఫాల్‌కి తిండీ తూటాలూ విమానాల్లోనే అందాయి. కోహిమాలోనైతే డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి అటు జపాన్ వాళ్లు, ఇటు బ్రిటిష్ వైపు వాళ్లు చేరి గ్రెనేడ్లు విసురుకున్నారు. ఆ కోర్టు గీతలు అక్కడి సైనిక శ్మశానంలో ఇప్పటికీ కనిపిస్తాయి.

జపాన్ సేనాని ముతాగుచి లెక్క ఏమిటంటే, మూడు వారాల తిండితో బయల్దేరి, ఆపైన బ్రిటిష్ గోదాములు పట్టుకుని తినొచ్చని! గోదాములు దొరకలేదు. మనుషులు ఆకలితో రాలిపోతుంటే కోహిమాలోని డివిజన్ కమాండర్ సాతో, ఆజ్ఞ లేకుండానే వెనక్కి మళ్లాడు. అతని మీద విచారణ జరిగితే పైవాళ్ల బండారం బయటపడేది. అందుకే కాబోలు, మతి సరిగా లేదని ముద్ర వేసి విచారణ లేకుండా చేశారు.