ని తర్వాత స రావాలి

మన స్కూలు రీయూనియన్ సంచికలో అందరూ క్రికెట్ గురించి, యాన్యువల్ డే గురించి రాస్తారు కదా, నేను మన మ్యూజిక్ పీరియడ్ గురించి రాస్తాను. కొన్ని పాటలు వింటే "అబ్బ, ఇందులో ఒక్క ముక్క కూడా మార్చక్కర్లేదు" అనిపిస్తుంది చూడండి, అలా ఎందుకనిపిస్తుందో నాకు మొదట తెలిసింది అక్కడే.

నల్లకుంటలో మన స్కూలు పై అంతస్తు గది, కిటికీలోంచి బస్సుల హారన్లు. టీచర్ గారు మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, అంటే సంగీతంలో మొట్టమొదటి పాఠాలు, పాడిస్తూ స రి గ మ ప ద ని దాకా వచ్చి చెయ్యెత్తి ఆపేసేవారు. ఎవ్వరం ఊరుకోలేకపోయేవాళ్లం, పాటంటే పడనివాళ్లు కూడా వెనక బెంచీలోంచి "స" అనేసేవాళ్లు. ఆ రాగంలో "ని" కాకలి నిషాదం, అంటే పై షడ్జానికి, ఆ "స"కి, సరిగ్గా ఒక్క స్వరస్థానం కింద, అంత దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తే చెవి ఒప్పుకోదు. మనల్ని ఎదురుచూసేలా చెయ్యడం పాటకి మొదటి పని అని ఆవిడ అనేవారు.

ఒక్కోసారి టేప్ రికార్డర్ తెచ్చి ఏదో సినిమా పాట పెట్టి, చరణం మధ్యలో ఆపి, తర్వాతి లైను హమ్ చెయ్యమనేవారు. క్లాసంతా ఒకటే లొల్లి. మేం మొత్తం ముందే చెప్పేయగలిగితే ఆ పాట తొందరగా మొహం మొత్తేది, అస్సలు అందకపోతే మనసుకెక్కేది కాదు, సగం మేం అనుకున్నట్టే వచ్చి సగం ఇంకోలా తిరిగిందంటే మాత్రం, మళ్లీ పెట్టండి టీచర్, మళ్లీ పెట్టండి అని గోల. త్యాగరాజ కీర్తనల్లో సంగతులు, అంటే ఒకే లైనుని మార్చి మార్చి పాడే తీర్లు, ఎందుకంత బావుంటాయో కూడా నాకు అలాగే అర్థమైంది. పల్లవిలో అదే లైను, అవే మాటలు, కానీ ఒక్కో సంగతికి ఇంకాస్త విచ్చుకుంటుంది, మనకి తెలిసిన చోటే మనకి తెలియనిది దొరుకుతుంది.

చాలా ఏళ్ల తర్వాత చదివాను, 2011లో కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు, ఒళ్లు పులకరించేంత ఇష్టమైన సంగీతం వింటున్నవాళ్ల మెదళ్లని స్కాన్ చేస్తే, ఆ పులకరింత అప్పుడే కాదు, దానికి కొన్ని సెకన్ల ముందే మెదడులో ఇంకో భాగంలో డోపమిన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం విడుదలవుతోందని తేలింది. టీచర్ గారు చెయ్యెత్తి ఆపిన ఆ గ్యాప్ ఇదే కదా అనిపించి చాలా సంతోషం వేసింది.

మన బ్యాచ్‌లో ఒకడు మాత్రం ఇప్పటికీ, ట్యూన్ కాదురా సాహిత్యమే ముఖ్యం అని వాదిస్తాడు. వాడి మాటలో నిజముంది. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారి మాతృభాష తమిళం, అయినా ముందు పాట రాయించుకుని దాని మీద బాణీ కట్టడం ఆయన పద్ధతి, 1980లో వచ్చిన శంకరాభరణం విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. దీర్ఘం ఉన్నచోట స్వరం నిలవాలి, మాట మధ్యలో విరగకూడదు, విరిగితే ఎంత మంచి ట్యూన్ అయినా నాకు పంటికింద రాయిలా తగులుతుంది. అయితే అసలు పరీక్ష చరణం చివరి లైనులో ఉంటుందని నా నమ్మకం. అక్కడినుంచి ట్యూనూ అర్థమూ రెండూ కలిసి పల్లవిలోకి దిగితే, మొదట్లో విన్న పల్లవే ఇప్పుడు ఇంకేదో చెప్తున్నట్టుంటుంది. అందుకే రీల్స్‌లో వచ్చే ముక్క పాటలతో నాకు తృప్తి ఉండదు, అంతసేపు ఎదురుచూస్తేనే కదా ఆ రావడంలో ఆనందం.

రీయూనియన్ కమిటీ వాళ్లకి ఒక రిక్వెస్ట్, ప్రోగ్రాంలో పాడేవాళ్లకి పల్లవి వరకే అని పెట్టారట, దయచేసి ఒక్క చరణమైనా పాడనివ్వండి. హార్మోనియం నేను తెస్తాను.