అన్నయ్యని గ్రూప్ ఫోటోలోకి దూర్చిన కథ

మా ఇంట్లో అందరం కలిసి దిగిన ఒకే ఒక్క మంచి ఫోటోలో అన్నయ్య లేడు. "నీకు ఫోటోషాప్ వచ్చుగా, వాడిని కూడా పెట్టేయ్" అంది అమ్మ, అదేదో స్టాంప్ అంటించినంత ఈజీ అన్నట్టు.

కటింగ్ వరకు బానే అయింది, జుట్టు దగ్గరే కాస్త ఏడిపించింది. అసలు గోల తర్వాత మొదలైంది. గ్రూప్ ఫోటో ఏమో సాయంత్రం ఎండలో తీసింది, అన్నయ్యది ట్యూబ్‌లైట్ కింద తీసింది, తన బొమ్మని లేయర్‌గా, అంటే ఫోటో మీద పరిచిన విడి పొరగా తెచ్చి పక్కన పెట్టేసరికి మిగతావాళ్ళంతా బంగారంలా మెరుస్తుంటే అన్నయ్య ఒక్కడు వారం రోజులు జ్వరం పడి లేచినోడిలా ఉన్నాడు.

ముందు అందరూ చేసే పనే చేశా. ఇమేజ్ మెనూ, అడ్జస్ట్‌మెంట్స్, మ్యాచ్ కలర్, అంటే ఒకదాని రంగులు చూసి ఇంకోదాన్ని దానికి తగ్గట్టు మార్చేది. 2003లో ఫోటోషాప్ సీఎస్‌తో వచ్చిన ఆప్షన్ ఇది, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి రంగులు చూపించే) మోడ్‌లోనే పనిచేస్తుంది. సోర్స్‌లో, అంటే రంగులు ఎక్కణ్ణుంచి తీసుకోవాలన్న చోట అదే ఫైల్, లేయర్ దగ్గర బ్యాక్‌గ్రౌండ్ (అంటే గ్రూప్ ఫోటో) ఇచ్చా, అన్నయ్య మొహం ఆకుపచ్చగా తేలింది! గ్రూప్ ఫోటోలో సగం పచ్చగడ్డే మరి, ఇది సోర్స్ లేయర్ మొత్తం చూసి లెక్కేస్తుంది, ఇది గడ్డి, ఇది మనిషి అని దానికేం తెలుసు. మొహాల వరకు సెలెక్ట్ చేసి సోర్స్ సెలెక్షన్ వాడమనే టిక్ పెడితే కొంచెం నయం. కానీ రెండూ ఒకే ఫైల్‌లో ఉన్నాయి కాబట్టి అప్లై చేసేటప్పుడు సెలెక్షన్‌ని ఇగ్నోర్ చేయమనే టిక్ కూడా పెట్టాలి, నేనది మర్చిపోయి ఏం మారట్లేదేంటా అని చాలాసేపు స్లైడర్లు లాగుతూ కూర్చున్నా. పైగా మ్యాచ్ కలర్ ఫోటోని ముట్టుకోకుండా పైన విడిగా కూర్చునే అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా రాదు, పిక్సెల్స్‌నే మార్చేస్తుంది, అందుకే ముందే కంట్రోల్ జే కొట్టి కాపీ తీసి పెట్టుకోవాలి.

మొత్తానికి ఒకే రంగు ఛాయ వేసే ఫోటో ఫిల్టర్ కూడా, పసుపుది, వేసి చూశా. మొహం పర్లేదు గానీ జుట్టు, ప్యాంటు కూడా పసుపెక్కాయి. అప్పుడు వెలిగింది, సాయంత్రం ఎండ పడ్డచోటే కదా పసుపు, నీడలో ఉన్నచోటికి ఆకాశం వెలుతురు వస్తుంది, అక్కడ నీలం.

సరే అని రంగుని పట్టి చూసే ఐడ్రాపర్ శాంపుల్ సైజ్ 5 బై 5 యావరేజ్ పెట్టి, ఆ రంగు నంబర్లు చూపించే ఇన్ఫో ప్యానెల్ తెరిచి చూశా. నంబర్లు వరసగా రెడ్, గ్రీన్, బ్లూ, సున్నా నుంచి 255 దాకా. గ్రూప్‌లో నాన్న తెల్ల చొక్కా 236, 214, 178. అన్నయ్య తెల్ల చొక్కా 208, 218, 224. నీడలో ఉన్న నల్ల ప్యాంటు అక్కడ 28, 32, 44, అన్నయ్యది 22, 22, 20. అంటే బ్లూ వెలుగున్న చోట తగ్గాలి, చీకటి చోట పెరగాలి! ఒక్క స్లైడర్‌తో అయ్యే పనేనా ఇది?

అన్నయ్య లేయర్ మీద కర్వ్స్ (ఒక్కో రంగుని గీత వంచి పెంచే తగ్గించే అడ్జస్ట్‌మెంట్) పెట్టి, తన ఒక్కడికే తగిలేలా కంట్రోల్ ఆల్ట్ జీతో క్లిప్ చేశా. బ్లూలో రెండే పాయింట్లు, 224ని 178కి దింపా, 20ని 44కి ఎత్తా. రెడ్‌లో 208ని 236కి. గ్రీన్ దాదాపు ముట్టుకోలేదు. అయితే నంబర్లని గుడ్డిగా నమ్మకూడదు, రెండు చొక్కాల తెలుపూ ఒకటే అన్న గ్యారంటీ ఏముంది. అందుకే కంట్రోల్ 3, 4, 5 కొట్టి ఒక్కో ఛానెల్, అంటే రెడ్, గ్రీన్, బ్లూ దేనికది విడిగా చూశా. అప్పుడు ఫోటో బ్లాక్ అండ్ వైట్‌లో కనిపిస్తుంది, రంగు గోల ఉండదు, పక్కవాళ్ళ కంటే తెల్లగా ఉన్నాడా నల్లగా ఉన్నాడా అన్నదొక్కటే చూస్తే చాలు. బ్లూ ఛానెల్‌లో అయితే అన్నయ్య ఇంకా దెయ్యంలా తెల్లగా వెలుగుతున్నాడు, మధ్యలో ఇంకో పాయింట్ పెట్టి దింపితే సర్దుకుంది. కంట్రోల్ 2 కొట్టి మామూలు వ్యూకి వచ్చా, అబ్బ, కలిసిపోయాడు.

చెల్లికి చూపిస్తే రంగు గురించి ఒక్క మాట లేదు. "అన్నయ్య నీడేది?" అంది.

నిజమే, గడ్డి మీద అందరికీ నీడ ఉంది, తనకి లేదు. మళ్ళీ కొత్త లేయర్, కిందున్న దాన్ని ముదురు చేసే మల్టిప్లై మోడ్. ఈసారి మాత్రం నలుపు జోలికి పోలేదు, నాన్న నీడలోంచే కలర్ పిక్ చేసి దాంతోనే గీశా.