తిరుపతి నుంచి యూరప్ క్రూజ్: ఎక్కేముందే తేల్చుకోవాల్సినవి

సింగపూర్‌లోనో చెన్నైలోనో క్రూజ్ ఎక్కినవాళ్ళకి ఒక పద్ధతి అలవాటై ఉంటుంది. అందరూ ఒకే రోజు ఒకే చోట ఎక్కుతారు, మళ్ళీ అక్కడే దిగుతారు. మధ్యధరా సముద్రంలో తిరిగే ఎంఎస్‌సీ, కోస్టా కంపెనీల ఓడలు ఎక్కువగా అలా నడవవు. జెనోవా, మార్సెయ్, బార్సిలోనా, చివితావెక్కియా, నేపుల్స్, పలెర్మో లాంటి రేవులు కలుపుతూ వారానికొక చుట్టు తిరుగుతూనే ఉంటాయి. దాదాపు ప్రతి రేవులోనూ కొత్తవాళ్ళు ఎక్కుతారు, వారం పూర్తయినవాళ్ళు దిగుతారు. మీకు మొదటి రోజు అయింది పక్క క్యాబిన్‌వాళ్ళకి నాలుగో రోజు అవుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావి చాలావరకు అర్థమవుతాయి. చేయి పట్టుకుని తిప్పే గ్రూప్ టూర్ కాదిది. మీ దారి మీరే ముందుగా వేసుకోవాలి.

మొదట తేల్చుకోవాల్సింది ఎక్కడ ఎక్కాలన్నది. ప్రకటనల్లో జెనోవా, బార్సిలోనా ఎక్కువగా కనిపిస్తాయి. మన రేణిగుంట నుంచి విదేశాలకు నేరుగా విమానాలు లేవు కాబట్టి చెన్నై వెళ్ళాలి, లేదంటే బెంగళూరు, హైదరాబాద్. చెన్నై నుంచి దోహా, దుబాయ్ లేదా అబుదాబిలో ఒక్కసారి మారితే రోమ్ చేరుకోవచ్చు. రోమ్‌కి రేవు చివితావెక్కియా. ఫియుమిచినో విమానాశ్రయం నుంచి కారులో సుమారు గంట, రైల్లో అయితే రోమా త్రాస్తెవెరే స్టేషన్లో మారాలి. జెనోవాలో ఎక్కాలంటే చాలామంది మిలాన్‌లో దిగి, అక్కడినుంచి రైలు పట్టుకోవాల్సి వస్తుంది. అమ్మానాన్నల్ని, చిన్నపిల్లల్ని తీసుకెళ్తుంటే చివితావెక్కియానే మేలు. టికెట్ ధర కాస్త ఎక్కువ కనిపించినా విమానాల దగ్గర ఆ తేడా సర్దుకుంటుంది. ఎక్కడ ఎక్కినా ఒకరోజు ముందే ఆ ఊరు చేరండి. కంపెనీ నుంచి కాకుండా విడిగా కొన్న విమానం ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. తర్వాతి రేవుకి మీ ఖర్చుతో వెళ్ళి అందుకోవాల్సిందే.

నెల విషయానికొస్తే, మన బడులకు వేసవి సెలవులుండే మే నెల బాగా కుదురుతుంది. జూలై, ఆగస్టుల్లో యూరప్ బడులకు సెలవులు. అప్పుడు ఓడ కిక్కిరిసి ఉంటుంది, ధర పెరుగుతుంది, రోమ్‌లో ఎండ మన తిరుపతి ఎండకి తీసిపోదు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కూడా హాయిగా ఉంటుంది.

వీసా

ఓడ ఎక్కువ రోజులు ఏ దేశం రేవుల్లో ఆగుతుందో ఆ దేశానికి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా) దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. పైన చెప్పిన చుట్టులో అది ఇటలీయే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. కానీ మే ప్రయాణానికి చెన్నైలో అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి. జనవరి, ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టండి. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకు లేదు. వీసా సెంటర్ సర్వీస్ చార్జీ వేరే. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, పదేళ్ళ లోపు తీసుకున్నదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. బీమా తీసుకునేటప్పుడు క్రూజ్‌కి వర్తిస్తుందా అని విడిగా అడగండి. ఓడలో డాక్టర్ ఫీజు చాలా ఎక్కువ, డబ్బు ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

మల్టిపుల్ ఎంట్రీ అడగండి. దారిలో ట్యునీషియా, టర్కీ, మాంటెనీగ్రో, బ్రిటన్ లాంటి రేవు ఒకటి ఉన్నా, ఓడ షెంగెన్ దాటి మళ్ళీ లోపలికి వచ్చినట్టే లెక్క. సింగిల్ ఎంట్రీతో ఇరుక్కుంటారు. ఆ దేశాలకు విడిగా వీసా కావాలేమో కూడా బుకింగ్‌కి ముందే చూసుకోవాలి. కావాల్సిన వీసా లేకపోతే రేవులోనే ఆపేస్తారు, టికెట్ డబ్బులు వెనక్కి రావు.

మనవాళ్ళకి తరచూ తగిలే దెబ్బ పేర్ల దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, లేదా ఆధార్‌లో పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో పూర్తి పేరు ఉండటం మామూలే. క్రూజ్ బుకింగ్, విమానం టికెట్, బీమా, ఈ మూడింట్లోనూ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం అక్షరం అలాగే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ముందు పాస్‌పోర్టు సరిచేయించుకున్నాకే బుకింగ్ జోలికి వెళ్ళండి.

చిత్తూరు వైపు మామిడి తోటల మీద ఆదాయం ఉన్నవాళ్ళు ఇంకొకటి గమనించాలి. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కం టాక్స్ లేకపోయినా, రిటర్న్‌లో దాన్ని చూపించి ఉంటే వీసా ఫైలు గట్టిగా ఉంటుంది. పట్టాదారు పాస్‌బుక్, గుజ్జు ఫ్యాక్టరీ లేదా మండీ ఇచ్చిన రసీదులు, ఆ డబ్బు బ్యాంకులో పడినట్టు స్టేట్‌మెంట్ జత చేయండి. దరఖాస్తుకి వారం ముందు ఎవరి దగ్గరో అడిగి ఖాతాలో పెద్ద మొత్తం వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

టికెట్‌లో ఏముంటుంది, ఏముండదు

క్యాబిన్, మూడు పూటలా తిండి, రాత్రి షో, స్విమ్మింగ్ పూల్ టికెట్‌లోనే. పోర్టు చార్జీలు కొన్నిసార్లు విడిగా చూపిస్తారు, కాబట్టి మొత్తం ఎంతో అడగండి. రోజుకి మనిషికి సుమారు 10 నుంచి 15 యూరోల దాకా సర్వీస్ చార్జీ బిల్లులో కలుస్తుంది. పిల్లలకు తక్కువ. నలుగురు కుటుంబానికి వారానికి ఇది చిన్న మొత్తం కాదు. తల్లిదండ్రుల క్యాబిన్‌లోనే పడుకునే పిల్లలకు చాలాసార్లు టికెట్ ఉండదు, పోర్టు చార్జీలు మాత్రం కడతారు.

కొత్తవాళ్ళని ఎక్కువ ఆశ్చర్యపరిచేది నీళ్ళు. మధ్యధరా ఓడల్లో రాత్రి భోజనానికి టేబుల్ దగ్గర కూర్చుంటే నీళ్ళ సీసాకి డబ్బు తీసుకుంటారు. యూరప్ హోటళ్ళలో అది మామూలే కాబట్టి అక్కడివాళ్ళెవరూ పట్టించుకోరు. పై అంతస్తులోని బఫేలో మెషిన్ దగ్గర నీళ్ళు ఉచితం. నీళ్ళ సీసాల ప్యాకేజీ తీసుకున్నా సరిపోతుంది. మందు తాగని కుటుంబం డ్రింక్స్ ప్యాకేజీ కొనాల్సిన పనే లేదు. ఒకరు తీసుకుంటే ఆ క్యాబిన్‌లో ఉన్న పెద్దవాళ్ళందరూ తీసుకోవాలనే షరతు చాలా ప్యాకేజీలకు ఉంటుంది. పొద్దున బఫేలో మెషిన్ కాఫీ ఉచితం, బార్‌లో తాగితే డబ్బు.

ఓడలో నోట్లు చెల్లవు. అంతా క్యాబిన్ కార్డు మీదే. ఎక్కిన మొదటి రెండు రోజుల్లో ఆ కార్డుకి క్రెడిట్ కార్డు జత చేయాలి, లేదా యూరోలు డిపాజిట్ కట్టాలి. ఇంట్లో ఉన్నప్పుడే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి. డెబిట్ కార్డు ఇవ్వొద్దు. ఓడవాళ్ళు ముందుజాగ్రత్తగా కొంత మొత్తం ఆపి ఉంచుతారు, అది ఖాతాకి తిరిగి రావడానికి రోజులు పడుతుంది.

తిండి

శాకాహారులకు పస్తులేమీ ఉండవు, కానీ అడిగి తినాలి. పాస్తా, పిజ్జా, సలాడ్, కాల్చిన కూరగాయలు, రొట్టెలు, పళ్ళు రోజూ ఉంటాయి. చిక్కు పైకి కనబడని వాటితోనే. రిసోత్తో (ఇటలీవాళ్ళ అన్నం వంటకం), కూరగాయల సూప్ చాలాసార్లు మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. పర్మెజాన్ చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది. వణికే పుడ్డింగుల్లో జెలటిన్ ఉండొచ్చు. తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది, ఎండు పాస్తాలో మామూలుగా ఉండదు. “వెజిటేరియన్” అని ఊరుకోకుండా మాంసం, చేప, గుడ్డు, మాంసం నీళ్ళు వద్దని విడివిడిగా చెప్పండి. మొదటి రాత్రే డైనింగ్ హాల్ హెడ్‌వెయిటర్‌ని కలిసి, మర్నాటి మెనూ ముందురోజే చూసి చెప్పేస్తే వంటవాళ్ళకీ సులువు. ఈ ఓడల సిబ్బందిలో మన దేశంవాళ్ళు చాలామంది ఉంటారు. అడిగితే కొన్నిచోట్ల పప్పు, అన్నం చేసిపెడతారు. దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్ళొద్దు. పొద్దున బఫేలో చప్పటి పెరుగు దొరుకుతుంది. పెరుగన్నం లేనిదే తృప్తి లేని పెద్దవాళ్ళకి మధ్యాహ్నం బఫే అన్నంలోకి దాన్ని దాచుకోవచ్చు.

రాత్రి భోజనం రెండు విడతలు. మొదటిది ఆరున్నర, ఏడు ప్రాంతంలో, రెండోది తొమ్మిదికి దగ్గర్లో. పిల్లలు, షుగరు ఉన్నవాళ్ళు ఉంటే మొదటి విడత కావాలని బుకింగ్ రోజే రాయించండి. ఓడెక్కాక మార్చడం కష్టం.

ఇంటినుంచి ఏం తీసుకెళ్ళొచ్చన్నది అందరూ అడిగేదే. యూరప్‌లోకి పాల పదార్థాలు, మాంసం తేకూడదు. అంటే నెయ్యి డబ్బా, పన్నీరు, పాలపొడి వద్దు. పళ్ళలో అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, డ్యూరియన్ తప్ప మిగతావాటికి మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. మే నెల కదా అని బంగినపల్లి పండ్లు పెట్టుకుంటే విమానాశ్రయంలోనే తీసేస్తారు. పచ్చి కరివేపాకూ అంతే. కంపెనీ సీలు, లేబుల్ ఉన్న కందిపొడి, ఊరగాయ, కారప్పూస లాంటివి చెక్-ఇన్ పెట్టెలో ఫరవాలేదు. ఇంట్లో వండి కట్టిన పులిహోర, చపాతీలు ఓడ స్కానింగ్ దగ్గర ఆపేస్తారు.

వండుకుందామని ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె పెట్టుకుంటే అవి ఎక్కేటప్పుడే తీసుకుని దిగేరోజు ఇస్తారు. నడిసముద్రంలో ఓడకి అగ్నిప్రమాదం కంటే పెద్ద భయం లేదు. అందుకే కర్పూరం, అగరబత్తి, దీపం కూడా వెలిగించకూడదు. నిత్యపూజ ఉన్నవాళ్ళు పటం, పూలు, స్తోత్రంతో సరిపెట్టుకోవాలి. క్యాబిన్ పైకప్పులో పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది, సిబ్బంది నిమిషాల్లో తలుపు దగ్గరుంటారు.

మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. యూరప్ రెండు గుండ్రటి పిన్నుల అడాప్టర్ ఒకటి, నాలుగు యూఎస్‌బీ పోర్టుల చార్జర్ ఒకటి చాలు. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తేవద్దు. బాత్రూమ్ చిన్నది, చెంబు ఉండదు, పేపరే. నొక్కితే నీళ్ళొచ్చే ట్రావెల్ బిడే సీసా ఒకటి తీసుకెళ్ళండి. టాయిలెట్ గాలి పీల్చే పద్ధతిలో పనిచేస్తుంది. ప్యాడ్, వెట్ వైప్ వేస్తే మీ ఒక్కరిదే కాదు, ఆ వరుస క్యాబిన్లన్నిటివీ మూసుకుపోతాయి.

ఎక్కే రోజు

ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసి లగేజీ ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ తీసుకోండి. పెద్ద పెట్టెలు రేవులో ఇచ్చేస్తే సాయంత్రానికి క్యాబిన్‌కి వస్తాయి. అందాకా మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. మందుల చీటీ మీద కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరూ రాయించుకోండి. వాంతుల భయం ఉంటే ఓడ మధ్యలో, కింది అంతస్తు క్యాబిన్ తీసుకోండి. మేలో సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. మార్సెయ్, బార్సిలోనా మధ్య మాత్రం మిస్త్రాల్ అనే ఉత్తరపు ఈదురుగాలి లేస్తే ఓడ ఊగుతుంది.

ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే సేఫ్టీ డ్రిల్ ఎవరూ ఎగ్గొట్టకూడదు. 2012 జనవరి 13న కోస్టా కాంకార్డియా అనే ఓడ ఇటలీలోని జిల్యో దీవి దగ్గర బండని ఢీకొని 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే చివితావెక్కియాలో ఎక్కినవాళ్ళకి డ్రిల్ ఇంకా జరగలేదు, మర్నాటికి పెట్టారు. ఇప్పుడు ఏ రేవులో ఎక్కినా ఓడ కదిలే లోపు, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరగాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే మీ కార్డు మీదున్న మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదంలో అందరూ గుమిగూడే చోటుకి చేరాలి. ప్రకటనలు ఇటాలియన్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్‌లో వరసగా వస్తాయి. తెలుగు తప్ప ఇంకో భాష రాని పెద్దవాళ్ళకి ఆ చోటు ఎక్కడో, ఏ మెట్లు దిగాలో మీరే నడిపించి చూపించండి. ప్రమాదంలో లిఫ్టు వాడకూడదని చెప్పండి.

ఆయిడా, మైన్ షిఫ్ అనే జర్మనీవాళ్ళ ఓడల్లో రోజువారీ భాష జర్మన్. అక్కడి ఆవిరి గదుల్లో ఆడా మగా కలిసి, బట్టల్లేకుండా కూర్చోవడం వాళ్ళ ఆచారం. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి ఇది ముందే తెలిసి ఉండటం మంచిది.

రేవుల్లో

రేవు పేరు, ఊరు పేరు ఒకటి కాకపోవచ్చు. చివితావెక్కియా నుంచి రోమ్ 70 కిలోమీటర్లు దాటే ఉంటుంది. రేవు షటిల్‌లో లార్గో దెల్లా పాచే దాకా వెళ్ళి, అక్కడినుంచి స్టేషన్‌కి సిటీ బస్సు, తర్వాత రైలు. పోనురాను కనీసం నాలుగు గంటలు తీసేసి ప్లాన్ వేసుకోండి. మార్సెయ్‌లో ఓడ ఊరికి ఉత్తరాన దూరంగా ఆగుతుంది, షటిల్ లేనిదే కదలలేరు. బార్సిలోనాలో నీలం రంగు పోర్ట్ బస్సు కొలంబస్ స్తంభం దగ్గర దింపుతుంది. నేపుల్స్, పలెర్మోల్లో మాత్రం మెట్లు దిగితే ఊరే. నేపుల్స్ నుంచి పాంపే అనే పాత శిథిల నగరానికి వెళ్ళాలంటే గారిబాల్ది స్టేషన్లో చిర్కుమ్‌వెజువియానా రైలు ఎక్కాలి, 40 నిమిషాల లోపే. జేబు జాగ్రత్త.

ఓడ అమ్మే టూర్ ఖరీదే, కానీ అది ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. దూరంగా ఉన్న రోమ్‌కి దాన్ని తీసుకుని, నడిచే ఊళ్ళు సొంతంగా చూడటం మంచి లెక్క. ఎక్కాల్సిన ఆఖరి టైము ఓడ కదిలే టైముకి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. ఓడలో గోడ మీద రాసింది ఓడ టైము. ఫోన్ టైముతో కాదు, దాంతో చూసుకోండి.

ఓడ తీరం వదలగానే ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. లేదంటే శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. మామూలు యూరప్ రోమింగ్ ప్యాక్ దానికి వర్తించదు, బిల్లు వేలల్లో వస్తుంది.

చివరి రాత్రి పెట్టెలకు రంగు ట్యాగులు కట్టి అర్ధరాత్రి ప్రాంతానికి తలుపు బయట పెట్టాలి. మర్నాడు వేసుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టు లోపలే ఉంచుకోండి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు ఎక్కేటప్పుడు తీసుకుంటారు, అవి ఎప్పుడు, ఏ కౌంటర్లో ఇస్తారో ముందురోజే కనుక్కోవాలి. బిల్లు ఆ రాత్రే టీవీలో గానీ యాప్‌లో గానీ చూడండి. తీసుకోని సీసాలు, తాగని కాఫీలు అందులో ఉంటే పొద్దున్నే రిసెప్షన్ దగ్గర పెద్ద వరస ఉంటుంది కాబట్టి ఆ రాత్రే మాట్లాడాలి. క్యాబిన్ ఎనిమిది లోపే ఖాళీ చేయాలి. చివితావెక్కియాలో దిగేవాళ్ళు తిరుగు విమానం మధ్యాహ్నం రెండు తర్వాతిది తీసుకోండి. 2025 అక్టోబరు 12న మొదలైన ఈఈఎస్ అనే కొత్త సరిహద్దు నమోదు వల్ల విమానాశ్రయంలో వరసలు పొడుగవ్వొచ్చు, మూడు గంటల ముందే అక్కడ ఉండాలి.