బ్రూక్ అనుకున్నా, ససూన్ అని తేలింది: నెట్ ఇంగ్లీష్‌లో నా మూడో అటెంప్ట్

యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేయడానికిచ్చే ఫెలోషిప్, వచ్చింది. ఎక్కడ మారిపోతుందో అన్నట్టు స్కోర్‌కార్డ్ రోజుకోసారి తెరిచి చూసుకుంటూనే ఉన్నాను. స్ట్రాటజీ రాయమని, బుక్‌లిస్ట్ పెట్టమని చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు. మీ అందరి దగ్గరా ఉన్న బుక్‌లిస్టే నాదీను. పేపర్ వన్‌కి పాత పేపర్లు చేయండి, డేటా ఇంటర్‌ప్రిటేషన్ వదిలేయకండి, అంతే. నేను రాయాలనుకున్నది రెండో అటెంప్ట్ ఎలా పోయిందన్న సంగతి.

ఒక్క ప్రశ్నతో పోయింది. అంటే రెండు మార్కులు. నెగటివ్ మార్కింగ్ కూడా లేని పరీక్షలో.

ఏ ప్రశ్న అంటే ఏం చెప్తాం, తప్పులు చాలానే ఉన్నాయి. కానీ ఆన్సర్ కీ చూసినప్పుడు కడుపులో దేవేసినట్టయింది మాత్రం మొదటి ప్రపంచ యుద్ధకవుల ప్రశ్న దగ్గరే. ఎందుకంటే ఆ టాపిక్ నాకు వచ్చనుకున్నాను. నోట్స్‌లో నీట్‌గా రెండు గళ్ల పట్టిక వేసుకున్నా. ఎడమవైపు ‘యుద్ధానికి అనుకూలం’: రూపర్ట్ బ్రూక్, జూలియన్ గ్రెన్‌ఫెల్, జాన్ మెక్‌క్రే. కుడివైపు ‘వ్యతిరేకం’: విల్‌ఫ్రెడ్ ఓవెన్, సీగ్‌ఫ్రీడ్ ససూన్, ఐజాక్ రోజెన్‌బర్గ్. స్కెచ్ పెన్నుతో గీత కూడా కొట్టా. పరీక్షలో దగ్గరదగ్గరగా కనిపించే రెండు ఆప్షన్లు చూసి, పట్టిక గుర్తు తెచ్చుకుని ధైర్యంగా నొక్కేశాను.

ఆ తర్వాత నెలన్నర పుస్తకం ముట్టలేదు. అది వేరే కథ.

మళ్లీ మొదలుపెట్టాక నాతోపాటు ప్రిపేరవుతున్న ఒకావిడ ఫోన్‌లో ఒక ఆట పెట్టింది. కవి పేరు చెప్పకుండా నాలుగు లైన్లు చదువుతుంది, నేను ఎవరో చెప్పాలి. ఒక రాత్రి చదివిన లైన్ల సారం ఇది: యుద్ధం మనకు కొరడాదెబ్బే, అయినా మనకు వివేకం నేర్పింది, స్వేచ్ఛ కోసం పోరాడుతున్నాం కాబట్టి మనం స్వేచ్ఛగానే ఉన్నాం.

“బ్రూక్. 1914 సానెట్లలో ఏదో ఒకటి,” అన్నాను, ఆలోచించకుండా. (సానెట్ అంటే పద్నాలుగు లైన్ల పద్యం.)

“ససూన్ అండీ. ‘అబ్సొల్యూషన్’.”

నమ్మలేదు. పుస్తకం తీసి చూస్తే నిజమే. 1915లో రాశాడు, ఫ్రాన్స్‌కి వెళ్లకముందు. అంటే ట్రెంచ్, అదే సైనికులు దాక్కుని పోరాడే కందకం, ఎలా ఉంటుందో ఇంకా తెలియని ససూన్. ఆ నవంబర్‌లో తమ్ముడు హామో టర్కీలోని గల్లిపోలి యుద్ధంలో పోయాడు. 1916 మార్చిలో ప్రాణస్నేహితుడు డేవిడ్ థామస్ పోయాడు. 1917లో అదే చెయ్యి ‘ది జనరల్’ రాసింది. ఏడే లైన్లు. జనరల్ గారు నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్తాడు, సైనికులిద్దరు ‘హుషారైన ముసలాయన’ అనుకుంటూ నడుస్తారు, ఆఖరి లైన్లో ఆయన వేసిన ప్లానే ఇద్దరినీ తినేస్తుంది. నా పట్టికలో ఈ మనిషిని ఏ గడిలో పెట్టాలి?

ఆ రాత్రే ఆ పేజీ చించేశాను. కవి పేరు పక్కన ‘అనుకూలం, వ్యతిరేకం’ రాయడం మానేసి ప్రతి పద్యం పక్కన మూడు విషయాలు రాసుకున్నా: ఏ నెలలో రాశాడు, అప్పటికి ఎక్కడున్నాడు, పద్యంలో ఎవరితో మాట్లాడుతున్నాడు. నన్ను గట్టెక్కించింది ఈ మూడోదే.

బ్రూక్ ‘ది సోల్జర్’ తీసుకోండి. పద్నాలుగు లైన్లలో ఇంగ్లండ్, ఇంగ్లిష్ అన్న మాటలు కలిపి ఆరుసార్లు వస్తాయి. లెక్కపెట్టి చూసుకోండి. తుపాకీ లేదు, బురద లేదు, శత్రువు అసలే లేడు. ‘నేను చనిపోతే ఇలా తలుచుకోండి’ అని ఇంట్లోవాళ్లకు చెప్తున్నట్టు ఉంటుంది. ఆయన 1915 ఏప్రిల్ 23న పోయింది కూడా యుద్ధంలో కాదు. గల్లిపోలికి వెళ్తుంటే దోమకాటు సెప్టిక్ అయి ఓడలోనే పోయాడు, స్కైరోస్ దీవిలో పూడ్చారు. వయసు ఇరవై ఏడు.

ఇప్పుడు ఓవెన్ ‘డల్సె ఎట్ డెకోరమ్ ఎస్ట్’. ఇరవై ఎనిమిది లైన్లలో ఇంగ్లండ్ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. చివరి భాగం మొత్తం ‘నువ్వు’తో నడుస్తుంది: గ్యాస్‌లో చిక్కినవాణ్ని బండిలో పడేసి తీసుకెళ్తుంటే ఆ బండి వెనక నువ్వు నడిచి ఉంటే, ఆ రక్తం గొంతులో గరగరలాడటం నువ్వు విని ఉంటే... ఆ ‘నువ్వు’ ముందు డ్రాఫ్టులో ఫలానా మనిషే. యువకులను సైన్యంలోకి ఉసిగొల్పే పద్యాలు రాసిన జెస్సీ పోప్‌కి అంకితమని రాసి, తర్వాత కొట్టేశాడు. దేశం కోసం చావడం తీయనిదీ తగినదీ అన్న రోమన్ కవి హోరేస్ మాటను పాత అబద్ధం అంటూ ముగిస్తాడు. బ్రూక్ ఇంటివాళ్లను ఓదారుస్తుంటే, ఓవెన్ ఇంట్లో కూర్చున్నవాళ్లను కాలర్ పట్టుకుని అడుగుతున్నాడు. తేడా అక్కడుంది. సరుకు మాత్రం ఇద్దరిదీ ఒకటే కొట్టులోది. ఓవెన్ ‘యాంథమ్ ఫర్ డూమ్డ్ యూత్’ కూడా సానెట్టే, కాకపోతే చర్చి గంటలు మోగాల్సిన చోట ఫిరంగులు మోగుతాయి. దాని డ్రాఫ్టుల మీద ససూన్ చేతిరాతతో దిద్దుబాట్లున్నాయి. 1917లో ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో ఇద్దరూ కలిశారు కదా.

1916 జులైలో ఫ్రాన్స్‌లో మొదలైన సోమ్ యుద్ధానికి ముందంతా ఉత్సాహం, ఆ తర్వాతంతా కోపం అని గీత గీసే నోట్స్ కూడా చూశాను. అదీ నిలవదు. చార్ల్స్ సోర్లీ 1915లోనే బ్రూక్ సానెట్లను తప్పుపట్టాడు, మాటలు బాగున్నాయి గానీ తన త్యాగాన్ని తానే మురిసి చూసుకుంటున్నాడని. ఆ ఏడాది అక్టోబర్‌లో ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర ఇరవై ఏళ్లకే పోయాడు. రోజెన్‌బర్గ్ ఎలుక పద్యం, అదే ‘బ్రేక్ ఆఫ్ డే ఇన్ ది ట్రెంచెస్’, సోమ్‌కి ముందుదే. ఇంగ్లిష్ చేతినీ జర్మన్ చేతినీ ఒకేలా తాకి వెళ్లే ఎలుకను చూసి నవ్వుకుంటాడు. అందులో ఉపన్యాసం లేదు, ఆవేశం లేదు. మిగతావాళ్లు ఆఫీసర్లు, ఇతను మామూలు సిపాయి. తల్లికి అలవెన్స్ డబ్బులు అందుతాయన్నది కూడా చేరడానికి ఒక కారణం. దేశభక్తి గడిలోనూ పట్టడు, తిరుగుబాటు గడిలోనూ పట్టడు. మెక్‌క్రే ‘ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్’ పద్యరూపం రాండో (ఫ్రెంచ్ నుంచి వచ్చిన ఒక ఫారం) అని గుర్తుపెట్టుకోండి, అడుగుతారు. చనిపోయినవాళ్లు మాట్లాడే శోకమంతా అయ్యాక, మూడో చరణంలో పోరు కొనసాగించమంటారు. సగం నోట్స్‌లో ఆ చరణమే ఉండదు.

ఇక ‘వ్యతిరేకం’ గడి. ససూన్ 1917 జులైలో యుద్ధాన్ని కావాలనే పొడిగిస్తున్నారని ప్రకటన ఇచ్చాడు, కోర్ట్ మార్షల్ కావాల్సినవాణ్ని స్నేహితుడైన కవి రాబర్ట్ గ్రేవ్స్ పూనుకుని ఆసుపత్రికి పంపించాడు. అంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాత తనంతట తానే మళ్లీ ఫ్రంట్‌కి వెళ్లాడన్నది నాకు అప్పటిదాకా తెలియదు. ఓవెన్ కూడా 1918లో తిరిగి వెళ్లాడు. కుర్రాళ్లను నడిపించడానికి, వాళ్ల బాధ చూసి వాళ్ల తరఫున మాట్లాడటానికి వచ్చానని తల్లికి రాశాడు. నవంబర్ 4న కాలువ దాటుతుంటే పోయాడు. యుద్ధం ముగిసిన గంటలు మోగుతున్న రోజే ఇంటికి టెలిగ్రామ్ చేరింది. అతని పాకెట్‌బుక్‌లో టాగూర్ గీతాంజలి లైన్లు రాసి ఉన్నాయని తల్లి తర్వాత టాగూర్‌కే ఉత్తరం రాసింది. ఇది చదివాక ఆ రోజు ఇంకేం చదవలేదు నేను.

దీని మీదే పన్నెండు రోజులు పట్టాయి. ఒకటో రెండో ప్రశ్నలు వచ్చే టాపిక్ మీద ఇంత టైమా అని తిట్టినవాళ్లున్నారు. వాళ్లలో ఇద్దరు నాకంటే ముందే క్లియర్ చేశారు కూడా, ఒప్పుకుంటాను. కానీ నాకు ఆ పన్నెండు రోజుల్లో వచ్చిన అలవాటు రొమాంటిక్స్‌కి పనికొచ్చింది, మోడర్నిజమ్‌కి పనికొచ్చింది, క్రోనాలజీ ప్రశ్నలకైతే చెప్పక్కర్లేదు. తేదీ చూడకుండా పద్యం చదవను ఇప్పుడు. పొద్దున అయిదింటికి లేచి, ఫోన్ పక్కగదిలో పెట్టి, రోజుకు ఒక్క కవి. పండగొచ్చినా, పెళ్లొచ్చినా. వన్-లైనర్ పీడీఎఫ్‌లు పోగేసుకునేవాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు, నేనూ వంద పోగేశాను కాబట్టే చెప్తున్నా.

ఆవిడ ఈ సెషన్‌లో రాయలేదు, వచ్చేసారి రాస్తుంది. ఆట ఆగలేదు. నిన్న రాత్రి నాలుగు లైన్లు చదివింది. జేఆర్ఎఫ్ ధీమాతో ఎడ్వర్డ్ థామస్ అన్నాను. కాదట, బ్లండెన్ అట.